పాత డీజిల్ జీపుకి ఆయిల్ ప్రెజర్ తక్కువ: చిక్కటి ఆయిల్ పొయ్యాలా, ఇంజన్ విప్పాలా?

కావలి_జీపు: అన్నలూ, మా నాన్న వాడిన డీజిల్ జీపు. పొద్దున స్టార్ట్ చేస్తే ఏం లేదు గానీ నెల్లూరు నుంచి హైవే మీద వచ్చి కావలిలో స్లో చేశామంటే ఆయిల్ లైటు మిణుకుతా ఉంది, రేస్ ఇస్తే ఆరిపోతంది. ఇప్పుడు పోసేది 15డబ్ల్యూ-40. ఒక మెకానిక్ దానికన్నా చిక్కటి 20డబ్ల్యూ-50 పోసి వాడుకోమన్నాడు, ఇంకొకాయన ఇంజన్ దించాల్సిందే అంటన్నాడు. ఎవరి మాట వినాల?

కందుకూరు_ట్రాక్టరు: 20డబ్ల్యూ-50 పోసెయ్ తమ్ముడూ. మన ఎండలకి అదే కరెక్టు. ఇంజన్ విప్పితే లేతు ఖర్చు, గ్యాస్కెట్లు, పొగాకు డబ్బులన్నీ దానికే పోతాయి.

చీమకుర్తి_టిప్పరు: అన్నా, కొలవకుండా ఆయిల్ మార్చేది ఎట్టా? ముందు ఆ లైటు స్విచ్చి ఊడదీసి అక్కడ మెకానికల్ గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కినాక ఐడిల్‌లో ఒకసారి, 2000 ఆర్‌పీఎంలో ఒకసారి చూడండి. మాన్యువల్లో ఉన్న అంకే ఖాయం, అది దొరక్కపోతే ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ప్రెజర్ ఉండాలని పాతకాలం మోటు లెక్క. గేజి బాగా చూపిస్తే స్విచ్చే పోయినట్టు, 20డబ్ల్యూ-50 అవసరమే లేదు. నిజంగానే తక్కువుంటే డిప్‌స్టిక్ వాసన చూడండి, డీజిల్ కంపు కొట్టి లెవెల్ కూడా పెరిగుంటే ఫీడ్ పంపు నుంచో ఇంజెక్టర్ నుంచో డీజిల్ ఆయిల్లోకి దిగతందని, అప్పుడు ఎంత చిక్కటిది పోసినా పలచబడిపోద్ది.

కందుకూరు_ట్రాక్టరు: ఇదంతా చూసే ఓపిక మెకానిక్కి యాడుంది? ప్రెజర్ పెరిగిందా లేదా, అంతే గదా కావాల్సింది.

చీమకుర్తి_టిప్పరు: గేజిలో అంకె పెరుగుద్ది అన్నా, బేరింగు దగ్గర అరిగిన సందు తగ్గదు. పైగా పొద్దున చల్ల ఇంజన్లో చిక్కటి ఆయిల్ పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దాకా ఎక్కేసరికి లేటవుద్ది. ఇప్పుడు బేరింగుల సెట్టు మారిస్తే సరిపోయేది, అవి బిగుసుకుని తిరిగాయంటే క్రాంక్ షాఫ్టు అరగదీయించే గ్రైండింగు, దానికి సరిపోయే అండర్‌సైజు బేరింగులు, అప్పుడు నిజంగా ఖర్చు. అసలు ఇంజన్ మొత్తం దించకుండా కింద ఆయిల్ ఉండే తొట్టి, అదే ఛాంబర్ ఒక్కటే దించి చూడొచ్చా అని మీ మెకానిక్‌ని అడగండి. ఆయిల్ పీల్చే జాలికి మడ్డి పట్టిందేమో, ఎక్కువైన ప్రెజర్ వదిలే రిలీఫ్ వాల్వు ఇరుక్కుందేమో, ఆయిల్ పంపు గేర్లు అరిగాయేమో చూసి, కనెక్టింగ్ రాడ్ కింద బేరింగుని పట్టుకునే బిగ్ ఎండ్ క్యాప్ ఒకటి ఊడదీస్తే తెలిసిపోద్ది. బేరింగు మీద రాగి రంగు తేలిందా, దాని పని అయిపోయినట్టే.

కావలి_జీపు: గేజి పెట్టించా అన్నా. వేడి మీద ఐడిల్ 6, 2000లో 17. డీజిల్ వాసన లేదు, లెవెల్ కరెక్టుగానే ఉంది. ఆదివారం ఛాంబర్ దించమని చెప్పా.

కందుకూరు_ట్రాక్టరు: 6 అంటే తక్కువే తమ్ముడూ, ఒప్పుకుంటా. అప్పటిదాకా హైవే ఎక్కబాక. జాలీ పంపూ బేరింగులూ అన్నీ బాగున్నాయని తేలితే మాత్రం నా 20డబ్ల్యూ-50 మాట మళ్లా ఆలోచించు.