యొరుబాలో చదివితే పిల్లలు వెనకబడతారా?

సాగరిక: నైజీరియా చిన్న తరగతుల్లో మాతృభాషలోనే చదువు చెప్పాలని 2022లో తెచ్చిన విధానాన్ని 2025 నవంబరులో రద్దు చేసి మళ్లీ ఇంగ్లీషుకే పట్టం కట్టింది. అదే దేశంలో 1970లో మొదలుపెట్టి, విద్యావేత్త బాబ్స్ ఫఫున్వా బృందం ఇఫే పట్టణంలో ఆరేళ్ల ప్రాథమిక చదువంతా అక్కడివాళ్ల మాతృభాష యొరుబాలో నడిపింది. ఆ పిల్లలు ఇంగ్లీషులో కూడా ఎవరికీ తీసిపోలేదు. అయినా ఈ వెనకడుగు ఎందుకు?

కృష్ణాతీరం: ఇంగ్లీషు చెప్పడానికి అక్కడ ప్రత్యేకంగా టీచరును పెట్టారు. ఆ మాట మింగేశారు.

సాగరిక: మింగడానికేముంది? ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా గట్టిగా నేర్పాలన్నదే వారి పద్ధతి. అయినా ఇది భాషతో ఆగదు. యొరుబా సంప్రదాయ లెక్క ఇరవైల మీద నడుస్తుంది. నలభై అయిదు కావాలంటే మూడు ఇరవైల్లోంచి పది, ఆపైన అయిదు తీసేస్తారు. ఇంత లెక్క ఇంట్లో ఉన్న బిడ్డకు బడిలో ‘గణితం రాదు’ అని ముద్ర వేస్తారా?

బాటసారి: నలభై అయిదుకు ఇంత తిరుగుడా! పాపం పిల్లలు.

కృష్ణాతీరం: టీచరు సంగతి మళ్లీ దాటవేశారు.

వినీల: నేను దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో ఉంటాను. మాతృభాషలో చదువంటే ఇక్కడ పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. తెల్లపాలకులు తెచ్చిన 1953 బంటు విద్యా చట్టం నల్లవారి పిల్లలను తమ భాషల్లో చదివించింది వాటి మీద గౌరవంతో కాదు, కూలిపని దాటి ఎదగనీయకూడదని. 1976లో సొవెటో బస్తీ పిల్లలు తిరగబడింది తెల్లపాలకుల భాష ఆఫ్రికాన్స్‌ను నెత్తిన రుద్దినందుకు. ఇక్కడి నల్లవారి భాష జులూలో చదువు కావాలని కాదు.

సాగరిక: అది పాలకుల దుర్బుద్ధి. భాషేం చేసింది?

కృష్ణాతీరం: నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగులో ప్రశ్న అర్థమయ్యేలోపే గంట కొట్టేవారు. అమ్మభాష అమృతమని ఉపన్యాసాలిచ్చిన మా హెడ్మాస్టారు కొడుకేమో కాన్వెంటులో చదివాడు. నైజీరియా నగరం లాగోస్‌లో డబ్బున్నవాళ్లదీ ఇదే వరస. మీ పిల్లలెక్కడ చదువుతున్నారండీ?

సాగరిక: వ్యక్తిగత విషయాలెందుకు?

కృష్ణాతీరం: అసలు విషయం అదే కాబట్టి. ప్రయోగాలన్నీ పేదవాడి బిడ్డ మీదేనా?

సాగరిక: ఇంగ్లీషు మీడియమే! వాళ్లు ఇంట్లోనూ ఆ భాష వింటారు. వినని బిడ్డను ఒకటో తరగతిలోనే అందులోకి తోస్తే, మీరు ఇంజనీరింగులో పడ్డ అవస్థ ఆరేళ్ల వయసులోనే మొదలవుతుంది.

వినీల: నైజీరియాలో అయిదు వందలకు పైగా భాషలున్నాయి. యొరుబాకు పుస్తకాలున్నాయి. మిగతావాటికి ఎవరు రాస్తారు?

కృష్ణాతీరం: రాసేదాకా ఆ పిల్లలు ఏ భాషలో చదవాలో కూడా చెప్పండి.