గాల్లో చూసి మర్చిపోలేని విమానం ఏది?

ప్రశ్న: మాది వైజాగ్. చిన్నప్పుడు నేవీ డేకి ఆర్కే బీచ్‌లో ఉన్నాం, ఫైటర్ జెట్ తల మీద నుంచి పోయాక గానీ చప్పుడు రాలేదు, ఉలిక్కిపడి చేతిలో మురీ మిక్చర్ పొట్లం ఇసకలో పడేశా. మీకూ ఇలాంటివి ఉన్నాయా?

జవాబు 1: 2016 మేలో శంషాబాద్‌కి వచ్చిన ఆంటొనోవ్ 225 మ్రియా అనే భారీ సరకు విమానం బాసూ! ఆరు ఇంజన్లు, 32 చక్రాలు, రెక్కలే 88 మీటర్లు, అంత బరువుతో ఎలా తేలుతోందో అర్థం కాలేదు. 2022లో ఉక్రెయిన్‌లోని హోస్టోమెల్‌లో యుద్ధంలో పోయింది పాపం.

జవాబు 2: మాది ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉన్న దుండిగల్ పక్కనే, పొద్దున్నే పైలట్లకి శిక్షణ ఇచ్చే పిలాటస్ విమానాలు తిరుగుతుంటాయి. మా అమ్మ మేడ మీద వడియాలు పెడుతూ "మీవాళ్ళు వచ్చార్రా" అంటది 😄

ప్రశ్నడిగినాయన: మ్రియా ఫొటో ఉంటే పెట్టు బ్రో