కోయి చేపల రెక్కల దగ్గర ఎర్రటి గీతలు: రంగు పట్టిందా, జబ్బా?

పర్లాకిమిడి దగ్గర మా సిమెంటు తొట్టిలో నాలుగంగుళాల కోయి కార్పు (అలంకరణ కోసం పెంచే రంగు చేపలు) పిల్లలు 300 ఉన్నాయి. వాటికి ఎర్ర రంగు బాగా పట్టాలని నా ప్రయత్నం. చేపలు ఆ రంగును సొంతంగా తయారు చేసుకోలేవు, మేతలోంచే రావాలి కాబట్టి మొదట బంతిపూల రేకల పొడి కలిపాను. నెలైనా తేడా లేదు. ఇప్పుడు 10 శాతం ఆస్టాజాంథిన్ (ఎర్ర రంగునిచ్చే పదార్థం) ఉన్న పొడి, కిలో మేతకు అర గ్రాము, చేపనూనెతో పట్టించి, నీడలోనే ఆరబెట్టి 45 రోజులుగా వేస్తున్నాను. వీపు ఇంకా పాలిపోయిన పసుపే. కానీ ఆరు రోజులుగా రెక్కల మొదట్లో దారపు పోగుల్లాంటి ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయి. కొన్ని చేపలు మేత దగ్గరికి రావడం లేదు, అదే టెన్షన్‌గా ఉంది. నీటి పీహెచ్ 7.8, వేడి 28 డిగ్రీలు, అమ్మోనియా సున్నా. మూడో వంతు నీళ్లు మార్చాను, లీటరుకు 3 గ్రాముల ఉప్పు వేశాను, గీతలు తగ్గలేదు. ఇది మేతతో పట్టిన రంగో, రక్తం చిమ్మే జబ్బో చేపను చూసి ఎలా తేల్చుకోవాలి?