పన్నెండేళ్ల బడి సామాను: ఏది దాచాలి, ఎలా దాచాలి?

రాజమండ్రి అమ్మ
మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. ఎల్‌కేజీ నుంచి దాచినవన్నీ అటక మీంచి దింపితే మూడు అట్టపెట్టెలు తేలాయి. నోట్సులు, బొమ్మలు, ప్రోగ్రెస్ కార్డులు, పొట్టైపోయిన యూనిఫారాలు. మా ఆయన పాతపేపర్ల వాడికి వేసెయ్ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరెవరైనా పిల్లల బడి గుర్తులు ఒకచోట చేర్చి దాచారా? ఎలా చేశారో చెప్పండి.

నెల్లూరు టీచరమ్మ
అన్నీ దాచకండమ్మా. నేను అలాగే దాచి అన్నీ పోగొట్టుకున్నాను. మా అమ్మాయివి గోనెసంచిలో కట్టి గోడవారగా పెట్టాను. ఒక వానాకాలం చెమ్మకి అడుగువి ముద్దయిపోయాయి, మిగిలినవి చెదలు తినేశాయి. ఇప్పుడు మనవడివి తరగతికి నాలుగే ఉంచుతున్నా: ఒక బొమ్మ, చేతిరాత ఉన్న ఒక పేజీ, ప్రోగ్రెస్ కార్డు, క్లాసు ఫోటో. ట్రంకు పెట్టెలో ఎండు వేపాకు వేసి మంచం కింద పెట్టాను. ఫోటో వెనక పిల్లల పేర్లు ఆ ఏడాదే పెన్సిల్‌తో రాసేస్తాను. పెన్నైతే ఇంకు ఇవతలికి దిగుతుంది. పదేళ్లు పోతే పక్కన నుంచున్న పిల్లాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

హైదరాబాద్ నాన్న
సెల్లోటేపు మాత్రం వాడకండి. మా పాప యూకేజీ బొమ్మలన్నీ టేపుతో ఆల్బమ్‌లో అంటించాను. టేపు ఊడిపోయింది, జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు చారలు మిగిలాయి. ఆ బొమ్మలు చూస్తే ఇప్పటికీ బాధే. అంటించే ముందే 300 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేసి ఉండాల్సింది.

ఇంకో మాట. పదో తరగతి మెమో, టీసీ ఈ పెట్టెలో కలపకండి, విడిగా ఫైల్లో ఉంచండి. లామినేషన్ చేయించకండి. వెనక స్టాంపు వేయాల్సొస్తే కుదరదు, ప్లాస్టిక్ తీయబోతే కాగితం చిరుగుతుంది.

తెనాలి కోడలు
అక్కా, యూనిఫారాలు పారేయకండి! మా అత్తయ్య మా పాపవి బొంత కుట్టారు. లోపల రెండు పాత నేతచీరలు, పైన యూనిఫారం ముక్కలు. కుట్టే ముందే అన్నీ ఉతికి ఆరేశారు. లేదంటే తర్వాత నూలు చీర ముడుచుకుని పై గుడ్డ ఉబ్బుతుందట. జేబులు బ్యాడ్జీతో సహా అలాగే ఉంచారు.

నాకు బాగా ఇష్టమైంది మూడో తరగతి స్కర్టు ముక్క. పాప పొడుగవుతోందని ఏటా అంచు మడత విప్పించేదాన్ని. విప్పిన చోటల్లా వెలవని ముదురు నీలం పట్టీ. రెండు పట్టీలు, రెండేళ్ల ఎదుగుదల. అత్తయ్య ఆ అంచుని కావాలనే బొంత మధ్యలోకి వచ్చేలా కుట్టారు. పాప దాన్ని వేలితో తడుముతూ నిద్రపోతుంది.

డాలస్ నుంచి
మేం గొంతు దాచాం. ప్రతి ఏడూ బడి తెరిచిన రోజు మావాడిని అవే ఐదు ప్రశ్నలు తెలుగులో అడిగి ఫోన్లో రికార్డు చేస్తాం. అక్షరాభ్యాసం పలక మీద రాత ఎప్పుడో చెరిగిపోయింది కానీ, "నా ఫ్రెండు పేరు చెప్పను" అన్న ఆరేళ్ల గొంతు అలాగే ఉంది. రెండు చోట్ల కాపీ పెట్టుకోండి, ఫోన్‌ని నమ్మొద్దు.

రాజమండ్రి అమ్మ
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి వాడినే కూర్చోబెట్టి ఏరుకోమన్నాను. నేను భద్రంగా దాచిన సర్టిఫికెట్లు పక్కన పెట్టేసి, ఆరో తరగతి లెక్కల నోట్సు తీసుకున్నాడు. చివరి పేజీ నిండా బుక్ క్రికెట్ స్కోర్లు! పక్కబెంచీ స్నేహితుడితో ఆడినవట. ఆ అబ్బాయి ఏడో తరగతిలో ఊరు మారిపోయాడు. ఎన్నిసార్లు సర్దినా నేనెప్పుడూ ఆ పేజీ తిప్పలేదు. ఎవరితో ఆడాడో, ఎవరు గెలిచారో పక్కనే వాడి చేత రాయించాను.

తెనాలి చెల్లీ, ఆదివారం యూనిఫారాలు పట్టుకుని మా అమ్మ దగ్గరికి వెళ్తున్నా. ముక్కలు ఎంతెంత కోయాలి?

తెనాలి కోడలు
జానెడు చదరం చాలక్కా. అతుకులకి చుట్టూ అరంగుళం వదలండి. ముందు ఒక అట్టముక్క కోసుకుని దాంతోనే అన్నీ గీసుకోండి. జేబున్న ముక్క మాత్రం కొలత చూడకుండా పెద్దదిగానే ఉంచండి.