అప్‌డేట్: గార్గోయిల్స్ గండం గడిచింది

డార్క్ సోల్స్ వీడియో గేమ్‌లో చర్చి పైకప్పు మీది గార్గోయిల్స్ (రెండు రెక్కల రాక్షసులు) దగ్గర చస్తూనే ఉన్నానని, కత్తి రిపేర్ ఎలాగో కూడా అర్థం కావడం లేదని మొన్న అడిగాను కదా. రెండూ తేలాయి. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బరువు తగ్గించమన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. మోసే బరువు సామర్థ్యంలో 50 శాతం దాటితే దెబ్బ తప్పించుకోడానికి మనవాడు దొర్లడు, ధబీమని పడతాడు. ఇనుప కవచాలు విప్పేసి 25 శాతం లోపుకి తెచ్చాక రోల్ భలే చురుగ్గా ఉంది. ఇంకోటి, డాలు పైకెత్తి ఉంచితే స్టామినా (ఓపిక చూపే పచ్చ గీత) నెమ్మదిగా నిండుతుంది. అందుకే దెబ్బ ఆగగానే డాలు దించి, పచ్చ గీత నిండేదాకా వెనక్కి జరిగి, తర్వాత రెండే వేట్లు. మూడోదానికి ఆశపడితే అంతే సంగతులు. మొదటిదానికి సగం ప్రాణం పోయేసరికి రెండోది దిగింది. అది నిప్పు ఊదుతుంటే పక్కకి తప్పుకుంటూ ముందు మొదటిదాన్నే ముగించాను.

కమ్మరి ఆండ్రే దగ్గర 2,000 సోల్స్‌కి (ఆటలో డబ్బు) రిపేర్‌బాక్స్ కొన్నాను. ఇక ఏ బాన్‌ఫైర్ (ఆగి సేదతీరే మంట) దగ్గరైనా కూర్చుని బాగు చేసుకోవచ్చు, కాస్త సోల్స్ ఖర్చవుతాయి. రిపేర్ పౌడర్ కూడా దగ్గరుంచుకున్నా. డెప్త్స్ అనే నేలకింది ప్రాంతంలో గేపింగ్ డ్రాగన్ అనే రాక్షసి కక్కే యాసిడ్ సామాన్లని తినేస్తుందట మరి.

కత్తి బలం ప్లస్ 5 స్థాయికి చేరింది. ఆపైకి వెళ్లాలంటే ఆండ్రేకి లార్జ్ ఎంబర్ అనే నిప్పుకణిక ఇవ్వాలి, అదీ డెప్త్స్‌లోనే ఉంది. అక్కడికి తాళంచెవేమో కాప్రా డీమన్ అనే రాక్షసుడి దగ్గర! ఆ ఇరుకు చోట్లో దాని రెండు కుక్కల్ని ముందు ఎలా వదిలించుకోవాలో ఎవరైనా చెబుదురూ.