నాలుగు రోజుల ట్రెక్‌కి స్టవ్ మోయాలా, ఇంటి నుంచి పొడి తిండి కట్టుకెళ్ళాలా?

పటమట పాదచారి:
అందరికీ నమస్కారం. అక్టోబరు చివర్లో మేం నలుగురం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కుతున్నాం. విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు, అక్కడి నుంచి డెహ్రాడూన్, తర్వాత సాంక్రి. కొండ మీద నాలుగు రోజులు. సాంక్రిలో ఒక గైడ్‌ని మాట్లాడుకున్నాం. ఐదుగురి తిండీ మేమే చూసుకోవాలి. శిఖరం 3,800 మీటర్లు, అంటే దాదాపు పన్నెండున్నర వేల అడుగులు. మాలో ఇద్దరు స్టవ్, బియ్యం, పప్పు పట్టుకెళ్దామంటున్నారు. ఇంకో ఇద్దరు అటుకులు, సున్నుండలు, పొడులు చాలంటున్నారు. మూడు రోజులుగా వాట్సాప్‌లో ఇదే గొడవ. ఎక్కి వచ్చినవాళ్ళు చెప్పండి. మనిషికి రోజుకి ఎంత లెక్కేసుకోవాలి?

కొండవీటి బాటసారి:
బాబూ, స్టవ్ లేకుండా ఆ ఎత్తుకి వెళ్ళొద్దు. మాది గుంటూరు. నాకు యాభై దాటాక మొదలైంది ఈ నడక. పొద్దంతా నడిచి, చెమట ఆరిపోయి, చలి పట్టుకున్నాక చల్లటి అటుకులు గొంతు దిగవు. అసలు ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఆకలే చచ్చిపోతుంది. అప్పుడు నాలుగు ముద్దలు తినిపించేది వేడి ఒక్కటే. పొడి సరుకు మనిషికి రోజుకి 600 నుంచి 700 గ్రాములు వేసుకోండి. ఐదుగురికి నాలుగు రోజులకి 12 నుంచి 14 కిలోలు. బియ్యం, కందిపప్పు, ఉప్మా రవ్వ, చారు పొడి, ఊరమిరపకాయలు, నెయ్యి. రెండు లీటర్ల కుక్కర్ తప్పనిసరి. వెయ్యి అడుగులు ఎక్కితే నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. పదకొండు వేల అడుగుల దగ్గర 89 డిగ్రీలకే నీళ్ళు తెర్లుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటన్నర పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది.

వన్‌టౌన్ వాసి:
కొండ మీదికి కుక్కరా? అయ్యా, నా ఇంట్లో రెండు లీటర్ల కుక్కర్ ఇప్పుడే తూచాను. మూతతో కలిపి కిలోం పావు. దానికి స్టవ్, గ్యాస్ డబ్బాలు, గరిటె, కడగడానికి నీళ్ళు. ఆ బరువుకి ఎంత తిండి వస్తుందో చూడండి. బియ్యమైనా అటుకులైనా వంద గ్రాములకి 350 కేలరీల చుట్టూ ఉంటాయి. పల్లీలు 560 పైన. నెయ్యి 900. అంటే కుక్కర్ బరువుకి పల్లీలు, బెల్లం, నువ్వులు పెట్టుకుంటే ఒక మనిషికి రెండు రోజుల శక్తి.

నేను చేసేది ఇది. మనిషికి నాలుగు కవర్లు. వాటి మీద 1, 2, 3, 4 అని మార్కర్‌తో రాస్తాను. ఒక్కో కవర్లో మందం అటుకులు, వేయించిన పల్లీలు, పుట్నాలు, కరివేపాకు కారం, రెండు సున్నుండలు, ఖర్జూరం. ఎవరి నాలుగు రోజులు వాళ్ళ సంచిలో. అటుకుల్లో నీళ్ళు పోసి మూత పెడితే పది నిమిషాల్లో తినొచ్చు. మంట అక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

మంగళగిరి మెట్లు:
గ్యాస్ డబ్బాలు ఇక్కడి నుంచి పట్టుకెళ్దామనుకోకండి. రైల్లోనూ విమానంలోనూ నిషేధం. డెహ్రాడూన్‌లో కొనుక్కోండి.

కొండవీటి బాటసారి:
కిలోం పావు కుక్కర్ ఐదుగురు పంచుకుంటే మనిషికి పావుకిలో. ఆ లెక్క మాత్రం వేయలేదు. సున్నుండల సంగతీ చెప్తాను. నెయ్యి గడ్డకట్టి సున్నుండ గులకరాయి అవుతుంది. ముందు పళ్ళు జివ్వుమంటాయి. దాన్ని జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని, ఒంటి వేడికి మెత్తబడ్డాక తినాల్సి వచ్చింది నాకు.

వన్‌టౌన్ వాసి:
లోపలి జేబులో పెట్టుకుంటే మెత్తబడిందని మీరే అన్నారుగా. మరి ఇబ్బంది ఏముంది? మీ గ్యాస్ మాటేమిటి? దుకాణాల్లో పొడుగు డబ్బాల్లో దొరికేది ఎక్కువగా మామూలు బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర అది సరిగా ఆవిరి కాదు, డబ్బా నిండుగా ఉన్నా మంట సరిగా రాదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినదే కావాలి. అది దొరక్కపోతే మీ బియ్యం, కందిపప్పు బరువే తప్ప తిండి కాదు.

కొండవీటి బాటసారి:
దొరుకుతుంది. ముందుగా ఫోన్ చేసి అడగాలి. రాత్రి డబ్బాని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి. పదేళ్ళుగా చేస్తున్నాను.

బెంజ్ సర్కిల్:
కట్టెలు ఏరుకుని వండుదామని మాత్రం ఎవరూ అనకండి. అది గోవింద్ పశు విహార్ అభయారణ్యం.

ఎండుమిర్చి:
కుక్కర్ గొడవ అక్కర్లేదండీ. పప్పు ఇంట్లోనే ఉడికించి ఎండబెట్టుకోవచ్చు. నేను మా అబ్బాయికి ఇలాగే ఇచ్చి పంపాను. పావుకిలో కందిపప్పు పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి, నీళ్ళు లేకుండా దగ్గరికి రానిచ్చి, పళ్ళెంలో దోసెలా పల్చగా పరవాలి. నూనె, తాలింపు వేయొద్దు. నూనె ఆరదు, నాలుగు రోజులకే ముక్క వాసన వస్తుంది. అప్పడంలా ఫట్‌మని విరిగేదాకా ఎండనిచ్చి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే రవ్వ అవుతుంది. బరువు మళ్ళీ పావుకిలో చుట్టే వస్తుంది కానీ, ఒకసారి ఉడికింది కాబట్టి మామూలు గిన్నెలో వేడినీళ్ళకే పది నిమిషాల్లో పప్పు అయిపోతుంది. అన్నం కూడా వార్చి ఎండబెట్టుకోవచ్చు. టమాటా వరుగులు, చింతపండు పొడి వేసుకుంటే చారు. తాలింపు గింజలు వేరే చిన్న కవర్లో. స్టవ్ చిన్నది చాలు.

కొండవీటి బాటసారి:
ఎండుమిర్చి గారూ, మంచిదే. కానీ కుక్కర్ ఉంటే అక్కడ దొరికే బంగాళాదుంప కూడా ఉడుకుతుంది.

వన్‌టౌన్ వాసి:
మళ్ళీ కుక్కరే! ఆవిడ అంత వివరంగా రాస్తే మీకు బంగాళాదుంప కావాల్సి వచ్చింది.

కొండవీటి బాటసారి:
మీరు ఎవరికి వాళ్ళు కవరు విప్పుకుని తినే మనుషులు. ఐదుగురు ఒక గిన్నె చుట్టూ కూర్చోవడం ఏంటో మీకు తెలియదు. మీతో వాదన అనవసరం.

వన్‌టౌన్ వాసి:
తెలియకపోవడమేంటి, బాగా తెలుసు. ఆరేళ్ళ కిందట ఏడుగురం వెళ్ళాం. తిండంతా ఒకే సంచిలో. ఆ సంచి అందరికంటే జోరుగా నడిచేవాడి వీపున ఉంది. మధ్యాహ్నం నాకు పిక్క పట్టేసింది. ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా నా దగ్గర నీళ్ళు తప్ప ఏమీ లేవు. మంచినీళ్ళే నములుతూ వెళ్ళాను. కాళ్ళు వణికిపోతూ క్యాంపు చేరితే గిన్నెలో అడుగంటిన మాడు ఉంది. "నువ్వు దారిలో తిని ఉంటావనుకున్నాం" అన్నారు. నా దగ్గర ఏముందని తింటాను? అప్పటి నుంచి నా తిండి నా సంచిలోనే. మీరు దాన్ని ఒంటరితనం అనండి, ఇంకేమైనా అనండి.

కొండవీటి బాటసారి:
నాకు జరిగింది కూడా చెప్తాను. మీ పద్ధతిలోనే ఒకసారి వెళ్ళాను. అందరికీ కవర్లు, నంబర్లతో సహా. మూడో రోజు అందరికంటే ఆఖర్న చేరాను. ముందు చేరినవాళ్ళు ఎవరి కవరు వాళ్ళు తినేసి టెంట్లలో దూరి పడుకున్నారు. చేతి వేళ్ళు కొయ్యబారిపోయి నేను కవరు ముడి విప్పలేకపోయాను. పళ్ళతో లాగాను, రాలేదు. పిలవడానికి మొహమాటం వేసింది. తినకుండానే పడుకున్నాను. పొద్దున లేస్తే కళ్ళు తిరిగాయి, అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాను. స్టవ్ మీద గిన్నె ఉంటే ఎవరో ఒకరు కంచాలు లెక్కపెట్టేవాళ్ళు. "ఆయనింకా రాలేదేంటి" అని ఒక్కరైనా అడిగేవాళ్ళు. నాకు కావాల్సింది కుక్కర్ కాదండీ.

ఎండుమిర్చి:
ఇద్దరూ చెప్పింది ఒకటే కదండీ. వెనకబడిన మనిషిని ఎవరూ చూడలేదు.

వన్‌టౌన్ వాసి:
ఒకటి కాదమ్మా. ఎదుటివాళ్ళు చూస్తారన్న నమ్మకం లేకే నేను కవరు కట్టుకుంటున్నాను. మీరు పడుకున్న రాత్రి సంగతి మాత్రం ఇవాళే తెలిసింది బాటసారి గారూ. ఇంతకుముందు అన్న మాటలకి ఏమీ అనుకోకండి.

కొండవీటి బాటసారి:
అనుకోనులెండి. కానీ చేతిలో కవరు పెట్టేస్తే ఆ మనిషిని చూడటం మానేస్తారు. ఆ మాట మీద నేను మారను.

పటమట పాదచారి:
మాలో ఒకడికి మోకాలి ఆపరేషన్ అయి ఏడాదే అయింది. వాడు నెమ్మదిగానే నడుస్తాడు. ఇంత రాసినా వాడి గురించి నేను ముందు చెప్పలేదు, మేం నలుగురం కూడా మాట్లాడుకోలేదు. ఇవాళ సాయంత్రం కూర్చుని అనుకున్నాం. పగటి తిండి ఎవరిది వాళ్ళ సంచిలో. కవర్లకి ముడి వద్దు, చేతి తొడుగులతోనే తెరిచే మూత డబ్బాలు. రాత్రి మాత్రం ఒకే గిన్నె. స్టవ్ మోసేవాడు మోకాలివాడి వెనకే నడుస్తాడు. ఇద్దరూ వచ్చాకే పొయ్యి వెలుగుతుంది.

వన్‌టౌన్ వాసి:
ముందు చేరినవాళ్ళు గంటసేపు చలిలో టీ లేకుండా కూర్చుంటారా? మొదటి రోజు కూర్చుంటారు. మూడో రోజు చూడండి.

కొండవీటి బాటసారి:
కూర్చోకపోతే ఆ బృందంతో వెళ్ళడమే దండగ.

పటమట పాదచారి:
కుక్కర్ పట్టుకెళ్ళడం లేదు. ఎండుమిర్చి గారూ, పప్పు ఎండబెడదామంటే ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. డాబా మీద ఎండ లేదు. ఫ్యాన్ కింద ఆరుతుందా?

ఎండుమిర్చి:
ఆరదు బాబూ, పులిసిపోతుంది. ఒవెన్ ఉంటే 60, 70 డిగ్రీల్లో పెట్టి తలుపు కాస్త తెరిచి ఉంచండి, ఆరేడు గంటలు పడుతుంది. మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. లేకపోతే ముసురు వదిలేదాకా ఆగండి. అక్టోబరు చివరికి ఇంకా టైమ్ ఉందిగా.