పక్కింటి మిద్దె మీద సెల్ టవర్, ఇల్లు మారాలా?

బుధవారపేట_నాన్న:
మాది కర్నూలు. రెండు నెలల కింద పక్కింటాయన మిద్దె మీద సెల్ టవర్ పెట్టించుకున్నాడు, నెలనెలా బాడుగ వస్తుంది, ఆయనకేం. మా పడకగది కిటికీకి నలభై అడుగులు కూడా ఉండదు. అప్పటి నుంచి మా అత్తకు ఒకటే తలనొప్పి, మా ఆవిడకు నిద్ర లేదు, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, ఇల్లు మారదామని రోజూ పోరు. వీధి వాట్సాప్ గ్రూపులో క్యాన్సర్ అని ఒకరు, పిచ్చుకలు పోయింది కూడా ఇందుకే అని ఇంకొకరు. నిజంగా ప్రమాదమా, ఉత్త భయమా? వీడియోలు మాత్రం పంపొద్దు, చూసి చూసి టెన్షన్ ఎక్కువైంది.

ఓర్వకల్లు_రాయి:
మారిపో అన్నా, ఆలోచించొద్దు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వాళ్లే ఈ తరంగాల్ని క్యాన్సర్ జాబితాలో పెట్టారు. 2018లో అమెరికా ప్రభుత్వం ఎలుకల మీద చేసిన పరీక్షలో గుండెలో గడ్డలు వచ్చాయి. ఇంకేం కావాలి? కంపెనీలు ఒప్పుకోవు, అంతే.

ఫిజిక్స్_అక్క:
ఇంటర్ పిల్లలకు పాఠం చెప్తాను, ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. తమ్ముడు చెప్పినవి రెండూ నిజమే, కానీ సగం సగం చెప్పాడు. ఆ జాబితాలో వీటిని పెట్టింది 2బి గ్రూపులో, అంటే "కావచ్చేమో, రుజువు చాలదు" అని. అదే గ్రూపులో చైనా, కొరియా వైపు సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలు కూడా ఉన్నాయి (మన ఆవకాయ కాదులెండి, కంగారు పడొద్దు). ఇక ఆ ఎలుకలు: రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్ల పాటు, ఒళ్లంతా తగిలేలా పెట్టారు. గడ్డల సంగతి మగ ఎలుకల్లోనే స్పష్టంగా కనిపించింది, పైగా ఆ మగ ఎలుకలే మామూలు వాటికంటే ఎక్కువ కాలం బతికాయి. ఇది వాట్సాప్‌లో రాదు.

ఎక్స్‌రేకి అణువుల్ని విడగొట్టే శక్తి ఉంటుంది. ఫోన్ తరంగాలకు అంత శక్తి లేదు, మనం చూసే వెలుతురు కంటే కూడా చాలా బలహీనం. ఒంటిని కాస్త వెచ్చబెట్టగలవు, ఆ వెచ్చదనానికే పరిమితులు పెట్టారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్షలో 63 అధ్యయనాలు చూశారు, పదేళ్లకు పైగా ఫోన్ వాడినవాళ్లలోనూ మెదడు క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు.

టవర్ విషయం ఇంకా తమాషా. యాంటెన్నా టార్చిలైటు మాదిరి ముందుకు కొడుతుంది, తన కాళ్ల కిందికి కాదు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. చెవికి ఆనించుకున్న ఫోన్‌తో పోలిస్తే టవర్ నుంచి మీకు తగిలేది మామూలుగా చాలా తక్కువ.

ఓర్వకల్లు_రాయి:
అక్కా, పొగాకు గురించీ ఒకప్పుడు ఇట్లే అన్నారు. ఇంకో ఇరవై ఏళ్లకు బయటపడితే?

ఫిజిక్స్_అక్క:
సెల్‌ఫోన్లు జనంలోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది తమ్ముడూ. పిల్లల మీద ఇంకా చూడాల్సింది ఉంది, కాదనను. అందుకే స్పీకర్లో మాట్లాడమంటాను, భయపడి ఇల్లు ఖాళీ చేయమనను.

సెల్‌షాపు_అన్న:
ఫోన్ వెనక అంటించే రేడియేషన్ స్టిక్కర్లు నేనూ అమ్మినాను, దాచేదేముంది. పనికిరావు. ఒకవేళ అది నిజంగా సిగ్నల్‌ను ఆపితే, అందుకోవడానికి ఫోన్ ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమలలో బస్సులో పోతూ చూడండి, సిగ్నల్ సన్నగిల్లేకొద్దీ బ్యాటరీ కరిగిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది. టవర్ దగ్గరుంటే ఫోన్ మెల్లగా మాట్లాడినా పని జరుగుతుంది. చాలా ఫోన్లలో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే ఎస్ఏఆర్ అంకె వస్తుంది, అంటే ఫోన్ తరంగాల శక్తిని మన ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత, మన దేశంలో కిలోకు 1.6 వాట్లు దాటకూడదు.

ఫిజిక్స్_అక్క:
బుధవారపేట తమ్ముడూ, ఒకటి అడగడం మరిచా. అత్తగారికి తలనొప్పి ఎప్పుడొస్తుంది? టవర్‌కు జనరేటర్ ఉందా, ఉంటే ఎక్కడ పెట్టారు?

బుధవారపేట_నాన్న:
ఉంది అక్కా. మా ప్రహరీ పక్కనే, కిటికీ కింద. కరెంటు పోయినప్పుడల్లా మొదలవుతుంది, ఈ ఎండల్లో రాత్రిళ్లు రెండు మూడు సార్లు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే పొగ. అత్తకు తలనొప్పి తెల్లారేసరికి వస్తుంది.

ఫిజిక్స్_అక్క:
అదే జాబితా మళ్లీ తీయండి. డీజిల్ ఇంజన్ పొగను 2012లో అదే విభాగం ఒకటో గ్రూపులో పెట్టింది, అంటే క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనది. రాత్రి మూడుసార్లు లేపే మోత సంగతి వేరే చెప్పాలా! టవర్ తీయించమని కొట్లాడితే ఏళ్లు పడుతుంది. జనరేటర్ జరపమని, పొగ గొట్టం మిద్దె పైకి ఎత్తమని రాతపూర్వకంగా అడగండి, మున్సిపాలిటీకీ ఒక కాపీ ఇవ్వండి.

ఓర్వకల్లు_రాయి:
దీనికి నేనూ ఒప్పుకుంటా. ఫోటోలు, టైముతో సహా తీసి పెట్టుకో అన్నా.

బుధవారపేట_నాన్న:
రెండు నెలలు పైకే చూస్తూ కూర్చున్నాం అక్కా, కిందికి చూడలేదు. ఇప్పుడే కరెంటు పోయింది, మొదలైంది మోత. ఫోన్ తీసుకుని కిందికి పోతున్నా.